ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లాడికి గజ్జి పట్టుకుంటే: ఈ శనివారం రాత్రి నుంచి వచ్చే శనివారం రాత్రి దాకా

సంక్రాంతికి మేడికొండూరు దగ్గర మా అమ్మవాళ్ళ ఊరు వెళ్ళాం. పిల్లలు ఆరుగురు, నాలుగు రాత్రులు, ఒకే పరుపు మీద రెండు రగ్గుల కింద కాళ్ళూ చేతులూ కలగలిపి పడుకున్నారు. పండగ అయింది, గుంటూరు వచ్చేశాం. ఫిబ్రవరి చివర్లో స్కూలు నుంచి కబురు వచ్చింది, మా చిన్నోడు బెంచీ మీద అస్సలు కుదురుగా ఉండటం లేదని. వాడికి 11 ఏళ్ళు. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) ఉందని ఏడో ఏట తెలిసింది, రోజూ పొద్దున మాత్ర వేసుకుంటాడు. ఇంట్లో అందరం ఒకే మాట అనుకున్నాం: మాత్ర చాలడం లేదు, డోసు పెంచాలేమో.

డోసు గురించి అడగడానికి వెళితే వాడి సైకియాట్రిస్టు వాడి చేతులు పట్టుకుని తిరగేసి చూశారు. మణికట్టు లోపలివైపు, వేళ్ళ సందుల్లో చిన్న చిన్న పొక్కులు, గోళ్ళ గీరలు. "రాత్రి నిద్ర పోతున్నాడా?" అని అడిగారు. పోవడం లేదు. అర్ధరాత్రి లేచి కూర్చుని గోక్కుంటున్నాడు. నిద్ర లేని పిల్లాడు మర్నాడు క్లాసులో ఎలా ఉంటాడో వేరే చెప్పాలా? మాత్ర జోలికి పోకుండా ముందు చర్మం డాక్టరుకి చూపించమన్నారు.

ఏడీహెచ్‌డీ వల్ల గజ్జి రాదు. కానీ ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లాడికి వస్తే కనిపెట్టడం ఆలస్యమవుతుంది, ఎందుకంటే వాడి మెలికలన్నీ మనం పాత ఖాతాలోనే రాసేస్తాం. వైద్యం కూడా తప్పుతుంది. ఒళ్ళంతా ఓపిగ్గా రాయాలి, రాత్రంతా కడగకూడదు, ఇంటిల్లిపాదీ ఒకే రోజు రాసుకోవాలి, సరిగ్గా వారానికి మళ్ళీ రాయాలి, ఆ తర్వాత కూడా వారాల తరబడి దురద ఓర్చుకోవాలి. ఇందులో ఏ ఒక్క పనీ వాడికి తేలిక కాదు. మేం మొదటిసారి చేసి విఫలమయ్యాం. రెండోసారి ఎలా చేశామో ఇక్కడ రాస్తున్నాను.

ముందు, అది గజ్జేనా?

గజ్జిని కొన్ని ఊళ్ళలో చిడుము అంటారు. మిర్చి పండించే ఇళ్ళవాళ్ళకి నల్లి అంటే వివరించక్కర్లేదు, ఆకు కిందికి ముడుచుకుందంటే తెల్లనల్లి పనే అని చూడగానే చెప్పేస్తారు. గజ్జి పురుగు ఆ నల్లికి దూరపు చుట్టం. దానికీ 8 కాళ్ళే. పొడవు అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఆడపురుగు చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుంటూ పోతూ రోజుకి 2, 3 గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు 3, 4 రోజుల్లో పగులుతాయి. ఒంటి మీద ఉండే పురుగులు మామూలుగా 10, 15 మించవు. ఆ మాత్రం దానికి ఒళ్ళంతా దురదేమిటంటే, ఆ పురుగుకీ దాని గుడ్లకీ మలానికీ మన ఒళ్ళు అలర్జీ చూపిస్తుంది. ఆ అలర్జీ తయారవడానికి మొదటిసారైతే 4 నుంచి 6 వారాలు పట్టొచ్చు. మా వాడికి సంక్రాంతికి అంటుకున్నది ఫిబ్రవరి చివర్లో బయటపడింది అందుకే. ఇంతకుముందు ఒకసారి వచ్చినవాళ్ళకైతే 1 నుంచి 4 రోజుల్లోనే దురద మొదలవుతుంది.

మీరు ఇంట్లో చూడగలిగినవి ఇవి. దురద రాత్రిపూట పెరగడం. ఇంట్లో ఇంకొకరికి కూడా ఉండటం. పొక్కులు వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, మోచేతుల మీద, చంకల్లో, బొడ్డు చుట్టూ, నడుం దగ్గర, పిరుదుల మీద, మగపిల్లలకి మర్మావయవాల మీద కనిపించడం. మొలతాడు కింద తప్పకుండా చూడండి. మా వాడికి అన్నిటికన్నా ఎక్కువ అక్కడే ఉన్నాయి, స్నానం తనే చేస్తాడు గనక మాకు తెలియనే తెలియలేదు. చంటిపిల్లలకైతే అరచేతులు, అరికాళ్ళు, మొహం, తల మీద కూడా వస్తాయి.

మా డాక్టరుగారు భూతద్దం లాంటి ఒక పరికరం వాడి మణికట్టు మీద పెట్టి, అందులో కనబడేది ఫోన్లో చూపించారు. బూడిదరంగు దారంలా సన్నటి వంకర గీత, ఆ గీత చివర గోధుమరంగులో చిన్న త్రికోణం. "జెట్ విమానం, వెనక పొగ. ఆ త్రికోణమే పురుగు తల" అన్నారాయన. మా వాడు అప్పటిదాకా కుర్చీలో గిరగిరా తిరుగుతున్నవాడు ఆగిపోయాడు. "అది నా చెయ్యేనా అమ్మా?" అని మూడుసార్లు అడిగాడు. ఆ బొమ్మ వాడి ఫోటోల్లోకి పంపించమన్నాను. మందు రాసేటప్పుడు నేను చెప్పిన వంద మాటలకన్నా ఆ ఒక్క బొమ్మ ఎక్కువ పనిచేసింది. మీ డాక్టరు చూపిస్తానంటే వద్దనకండి, పిల్లలు భయపడరు.

డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు ఒక కాగితం మీద రాసుకోండి: దురద ఎప్పటినుంచి, ఇంట్లో ఎవరెవరికి, పిల్లాడి బరువు, వాడుతున్న ఏడీహెచ్‌డీ మాత్ర పేరు, ఇదివరకు రాసిన ఆయింట్‌మెంట్లు. గుంటూరులో ఉన్నవాళ్ళకి జనరల్ హాస్పిటల్లో చర్మవ్యాధుల విభాగం ఉంది, పొద్దున్నే వెళ్ళి ఓపీ చీటీ రాయించుకుంటే చాలు. డబ్బుల గురించి ఆలోచించి మెడికల్ షాపు దగ్గర ఆగిపోకండి. మేం ఆగిపోయాం. షాపులో చేతిలో పెట్టిన ట్యూబులో స్టెరాయిడ్ కలిసి ఉంది. రాసిన మూడు రోజులు దురద ఎగిరిపోయినట్టుంది, ఎరుపు తగ్గింది. పురుగు మాత్రం హాయిగా పాకుతూనే ఉంది. పది రోజులకి పొక్కులు తొడల మీదికి వచ్చాయి, పైగా చూడటానికి గజ్జిలా లేవు. స్టెరాయిడ్ రాస్తే గజ్జి రూపం మారిపోయి డాక్టర్లే పోల్చుకోవడం కష్టమవుతుందట.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి, ఇది మన జిల్లావాళ్ళకి ప్రత్యేకం. మా పెద్దమామయ్య మంచి మనసుతోనే, "అమ్మాయ్, మిరప తోటకి కొట్టే నల్లి మందు రెండు చుక్కలు కొబ్బరినూనెలో కలిపి రాయి, దెబ్బకి పోద్ది" అన్నాడు. దయచేసి ఆ పని ఎవరూ చేయకండి. పొలం మందు చిక్కదనం వేరు, అందులో కలిపే ద్రావకాలు వేరు. గోకి గోకి పుండైన చర్మం మీద రాస్తే అది ఒంట్లోకి దిగుతుంది. పసిపిల్లల ప్రాణానికే ముప్పు.

మందుకు ముందు ఫోన్లు

గజ్జి మురికి వల్ల వచ్చే జబ్బు కాదు. ఒంటికి ఒళ్ళు 15, 20 నిమిషాలు ఆనుకుని ఉంటే చాలు, ఎంత శుభ్రంగా ఉండేవాళ్ళకైనా అంటుతుంది. ఒక్కసారి చెయ్యి కలిపితే సాధారణంగా అంటదు. పక్కన పడుకునేవాళ్ళు, ఒళ్ళో కూర్చోబెట్టుకునేవాళ్ళు, స్నానం చేయించేవాళ్ళు, వీళ్ళందరికీ దురద ఉన్నా లేకపోయినా ఒకే రాత్రి వైద్యం జరగాలి.

మా మొదటి ప్రయత్నం ఇక్కడే చెడింది. పిల్లాడికీ నాకూ రాసుకున్నాం. మా ఆయన "నాకేం లేదుగా" అన్నారు. అత్తయ్యగారికి చెప్పడానికి నాకు మొహమాటం. ఇక ఊరికి ఫోన్ చేసి "మీ ఇంట్లో పడుకుంటే గజ్జి వచ్చింది" అని వదినతో ఎలా అనడం? నెల తిరిగేసరికి మళ్ళీ మొదటికొచ్చింది. రెండోసారి ముందు ఫోనే చేశాను. "వదినా, మా వాడికి గజ్జి తేలింది. ఎవరి నుంచి ఎవరికో తెలియదు, మా నుంచే మీకు వచ్చిందేమో. ఈ శనివారం రాత్రి మేం మందు రాసుకుంటున్నాం, మీరూ అదే రోజు రాసుకుంటే ఇద్దరికీ పోతుంది." అవతల రెండు క్షణాలు చప్పుడు లేదు. తర్వాత, "మా బుజ్జిది నెల రోజుల నుంచి నిద్రపోనివ్వడం లేదు వదినా. వేడి చేసిందనుకుని పెసరపిండి రుద్దుతున్నాను" అంది. ఫోన్ చేసేటప్పుడు తప్పు ముందు మీ మీద వేసుకోండి. అవతలివాళ్ళకి నోరు పెగులుతుంది.

మందులు అందరికీ, రెండు విడతలకీ సరిపడా ఒకేసారి కొనేయండి. గజ్జి పురుగుని చంపే పర్మెత్రిన్ 5 శాతం క్రీము పెద్ద మనిషికి ఒకసారికి దాదాపు 30 గ్రాములు పడుతుంది, పిల్లలకి తక్కువ. గర్భిణులు, రెండు నెలల లోపు పసికందులు, గజ్జి ముదిరి ఒంటి మీద మందంగా పొలుసులు కట్టినవాళ్ళు ఉంటే డాక్టరు విడిగా చెప్తారు. ఐవర్‌మెక్టిన్ మాత్రలు కూడా ఉన్నాయి. బరువుని బట్టి లెక్క, కిలోకి 200 మైక్రోగ్రాములు, వారం నుంచి రెండు వారాల తేడాతో రెండుసార్లు. 15 కిలోల లోపు పిల్లలకీ గర్భిణులకీ ఇవ్వరు. ఒంటికి క్రీము తగిలితే చాలు అరిచి గోల చేసే పిల్లలు ఏడీహెచ్‌డీలో కొంతమంది ఉంటారు, జిగట వాళ్ళు భరించలేరు. మీ పిల్లాడు అలాంటివాడైతే ఆ మాట డాక్టరుకి దాచకుండా చెప్పి, మాత్ర కుదురుతుందేమో అడగండి.

రెండో విడత ట్యూబులన్నీ ఒక కవరులో వేసి, వంటింటి క్యాలెండరుకి వచ్చే శనివారం గడి పక్కన రబ్బరు బ్యాండుతో కట్టేశాను. పాల ప్యాకెట్టు తీస్తే అదే కనబడాలి. నా జ్ఞాపకం మీదా ఆయన జ్ఞాపకం మీదా నమ్మకం పెట్టుకోలేదు. పిల్లాడి మీద అసలు వేయకూడదు.

శనివారం రాత్రి

శనివారమే ఎందుకంటే మర్నాడు స్కూలు లేదు, మందు 8 నుంచి 14 గంటలు ఒంటి మీద ఉండాలి. మా వాడి మాత్ర పని సాయంత్రానికి దిగిపోతుంది, ఆ తర్వాత వాణ్ణి ఒకచోట నిలబెట్టడం కష్టం. అందుకని పనులన్నీ ముందుకు జరిపాం. సాయంత్రం 6కి స్నానం, వేడినీళ్ళు కాకుండా చల్లగా. వేడి చర్మం మీద రాయకూడదు, ఒళ్ళు ఆరి చల్లబడాలి. గోళ్ళు మొదట్లోకంటా కత్తిరించాం. చేతికున్న గుడి దారాలు, మొలతాడు తీసేశాం. కొత్త మొలతాడు ఆదివారం స్నానం తర్వాత కడదామని అత్తయ్యగారికి ముందే చెప్పాను, ఆవిడ ఒప్పుకున్నారు. నా గాజులు, ఉంగరాలు తీశాను. మెట్టెలు తీయనివాళ్ళు వాటిని జరిపి కింద రాసుకోవాలి. 7.30కి అన్నం, పళ్ళు తోముకోవడం, బాత్రూం పని, నీళ్ళు తాగడం అన్నీ అయిపోయాయి. 8.30కి మందు మొదలు.

మా వాడికి రైళ్ళంటే పిచ్చి. గుంటూరు నుంచి విజయవాడ దాకా ఏ స్టేషన్ తర్వాత ఏది వస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. ఒళ్ళంతా రాయమంటే ఎక్కడో అక్కడ వదిలేస్తాడు గానీ స్టేషన్ వదలమంటే ఒప్పుకోడు. కాబట్టి మెడ గుంటూరు. చెవుల వెనక నుంచి మొదలుపెట్టి భుజాలు, ఛాతీ, వీపు. వీపు నేను రాశాను. చంకలూ మోచేతులూ నంబూరు. మణికట్లు, వేళ్ళ సందులు, గోళ్ళ కింద మంగళగిరి, ఇక్కడ బండి ఎక్కువ సేపు ఆగుతుంది. గోళ్ళ కిందికి పాత టూత్‌బ్రష్‌తో మందు పట్టించి ఆ బ్రష్ పారేశాం. బొడ్డు, నడుం, మొలతాడు గీత కొలనుకొండ. పిరుదులు, మర్మావయవాలు కృష్ణా కెనాల్. అక్కడ తనే రాసుకున్నాడు, వాళ్ళ నాన్న తలుపు బయట నిలబడి "కెనాల్ దాటిందా?" అని అడిగారు. తొడల నుంచి పిక్కల దాకా కృష్ణ మీద బ్రిడ్జి. పాదాలు, అరికాళ్ళు, కాలివేళ్ళ సందులు విజయవాడ.

ప్రతి స్టేషన్లోనూ ముందు శనగగింజంత చుక్కలు నాలుగైదు పెట్టి, అన్నీ పెట్టాకే రుద్దమన్నాం. తెల్ల చుక్క కళ్ళకి కనబడుతుంటే ఇంకా ఏం మిగిలిందో వాడే చూసుకుంటాడు. ఒకేసారి పది మాటలు చెప్పకండి. "ఇప్పుడు నంబూరు", అంతే. అది అయ్యాక తర్వాతది. మధ్యలో లేచి ఒక చుట్టు గెంతి వస్తానన్నాడు, రానిచ్చాం. మొత్తం 25 నిమిషాలు పట్టింది. దురద ఉన్నచోటే రాసి ఊరుకుంటే దండగ, పురుగు నడిచేది చర్మం అంతటా. పిల్లలకి మొహం, తల మీద కూడా రాయాలా వద్దా అన్నది డాక్టరుని అడగండి. రాయమంటే కళ్ళు, నోరు తప్పించాలి.

మొదటిసారి మాకు దొరకని తప్పు ఇంకొకటి చేతుల దగ్గర జరిగింది. రాసిన పది నిమిషాలకి వాడు సింకు దగ్గరికి పోయి చేతులు కడిగేసుకున్నాడు, జిగటగా ఉందని. పురుగులు ఎక్కువగా ఉండే చోట మందే లేకుండా పోయింది. చేతులు తడిసిన ప్రతిసారీ మళ్ళీ రాయాలి. ఈసారి పాత కాటన్ మేజోళ్ళు చేతులకి తొడిగాం, సింకు కుళాయికి ఎర్ర గుడ్డ కట్టాం. రాత్రి దాహం వేస్తే తాగడానికి స్ట్రా వేసిన సీసా మంచం పక్కన పెట్టాం. వాణ్ణి ఒక్కసారి కూడా "ఎన్నిసార్లు చెప్పాలిరా" అనకూడదని మేమిద్దరం ముందే ఒప్పందం చేసుకున్నాం. ఎర్రగుడ్డ చూసి వాడే ఆగాడు.

వాడితోపాటే మేమూ రాసుకున్నాం, అదే గదిలో, అదే సమయంలో. ఎదురుగా ఇంకొకరు అదే పని చేస్తుంటే ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళకి పని సాగుతుంది. హోంవర్కు విషయంలో మీకు ఇది తెలిసే ఉంటుంది.

ఆదివారం పొద్దున

7 గంటలకి అందరం స్నానం. తర్వాత ఉతికిన బట్టలు, ఉతికిన దుప్పట్లు. పురుగు మనిషి ఒంటిని వదిలితే మామూలుగా రెండు మూడు రోజుల కన్నా బతకదు, 50 డిగ్రీల వేడిలో 10 నిమిషాలకి చస్తుంది. అందుకని గత మూడు రోజుల్లో వాడిన బట్టలు, తువ్వాళ్ళు, దుప్పట్లు, గలేబులు వేడినీళ్ళలో నానబెట్టి ఉతికి మిద్దె మీద ఎండలో వేస్తే సరిపోతుంది. బీరువా అంతా దించనక్కర్లేదు. ఇంట్లో పురుగుల మందు కొట్టించనక్కర్లేదు. ఉతకలేనివి, అంటే వాడి బొచ్చు ఏనుగు, స్వెట్టరు, బెల్టు, నల్ల కవర్లో వేసి మూతి బిగించి కట్టాం. మూడు రోజులు చాలు, మేం మాత్రం రెండో శనివారం దాకా ఉంచుదామనుకున్నాం, గుర్తుపెట్టుకోవలసిన తేదీ ఒక్కటే అవుతుందని.

సోమవారం స్కూలుకి పంపించాం. మొదటి విడత సరిగ్గా పడ్డాక మర్నాటి నుంచి స్కూలుకి వెళ్ళొచ్చు.

రెండో శనివారం, సరిగ్గా ఏడో రోజు, ఇదంతా మళ్ళీ మొదటి నుంచి. మందు పురుగుని చంపినంత బాగా గుడ్డుని చంపదు. మిగిలిన గుడ్లు పగిలి, ఆ పిల్లలు పెద్దవై మళ్ళీ గుడ్లు పెట్టేలోపు రెండో దెబ్బ పడాలి. ఈలోగా దురద తగ్గినా ఇది మానకూడదు. ముగ్గురి ఫోన్లలో అలారం పెట్టుకున్నాం, మూడోది అత్తయ్యగారిది. నిజంగా మోగిందీ అందరినీ కదిలించిందీ ఆవిడ ఫోనే.

దురద తగ్గని రోజులు

అసలు కష్టం ఇక్కడ ఉంది. పురుగులన్నీ చచ్చినా వాటి అవశేషాలు చర్మంలో ఉంటాయి, పైపొర రాలిపోయేదాకా అలర్జీ పోదు. రెండు వారాలు, ఒక్కోసారి నాలుగు వారాలు దురద ఉంటుంది. ఏ పనికైనా వెంటనే ఫలితం కనబడాలనుకునే పిల్లాడికి ఈ నెల రోజులు నరకం. "మందు పని చెయ్యలేదమ్మా, మళ్ళీ రాయి" అని రోజూ అడిగాడు. రాయకండి. పర్మెత్రిన్ అదే పనిగా రాస్తే చర్మం మండి, దానివల్లే కొత్త దురద పుడుతుంది. మేం స్నానం తర్వాత మాయిశ్చరైజర్ రాశాం, మధ్యాహ్నం కాలమైన్ లోషన్, రాత్రి తడి తువ్వాలు. కాలమైన్ ఆరిపోయి తెల్లటి పొడిలా రాలుతుంటే వాడికి నచ్చింది, గోకకుండా ఆ పొడి ఊదుకుంటూ కూర్చునేవాడు.

దురద మాత్ర డాక్టరు రాసిస్తే ఏడీహెచ్‌డీ మాత్ర సంగతి తెలిసే రాస్తున్నారో లేదో ఒక్కసారి అడిగి నిర్ధారించుకోండి. నిద్ర తెప్పించే దురద మందులు కొంతమంది పిల్లల్లో నిద్రకు బదులు ఇంకా గంతులు వేయిస్తాయి. అలా జరిగితే ఫోన్ చేసి చెప్పండి, మందు మారుస్తారు. ఈ నెలలో ఏడీహెచ్‌డీ మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు, పెంచొద్దు. నిద్ర కుదిరాక క్లాసులో ఎలా ఉన్నాడో చూశాకే ఆ మాట.

"గోకకు" అనడం వల్ల ఉపయోగం లేదు. చేతులకి వేరే పని కావాలి. మా ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టిన రబ్బరు బంతి పనిచేసింది: దురద పుట్టినచోట దాన్ని అటూ ఇటూ దొర్లించమన్నాం. కొంతమందికి పొక్కు గిల్లి గిల్లి పుండు చేసుకునే అలవాటు ముందు నుంచే ఉంటుంది, అలాంటి చోట పలుచటి కట్టు కట్టేయండి. గిల్లిన పుండు మీద తేనెరంగు పెచ్చు కట్టినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా వారం ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఆ పుండ్లలో చేరే సూక్ష్మజీవుల వల్ల కొన్నిసార్లు మూత్రపిండాలు కూడా దెబ్బతింటాయి. పొద్దున లేచేసరికి మొహం ఉబ్బి ఉన్నా, మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వచ్చినా అదే రోజు హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి.

ఒంటరిగా రూముల్లో ఉండేవాళ్ళకి

గుంటూరు బ్రాడీపేటలోనో అరండల్‌పేటలోనో హాస్టల్ గదిలో ఉండే, ఏడీహెచ్‌డీ ఉన్న కుర్రాళ్ళకీ అమ్మాయిలకీ ఈ మాట. మీకు వెనక ఎర్రగుడ్డ కట్టే అమ్మ ఉండదు. రూమ్మేట్లకి చెప్పకుండా మీరొక్కరే రాసుకుంటే మళ్ళీ మీకే వస్తుంది, చెప్పక తప్పదు. వార్డెన్‌తో ఒంటరిగా మాట్లాడటం కష్టమనిపిస్తే డాక్టరు చీటీ ఫోటో తీసి పంపించండి. వీపుకి మందు రాయడానికి చేయి అందదు, రూమ్మేట్ ఒకరు మీకు, మీరు వారికి రాసుకోండి, ప్లాస్టిక్ తొడుగు వేసుకుని. ఎవరూ కుదరకపోతే ఇంటికి వీడియో కాల్ పెట్టి ఫోను షెల్ఫు మీద నిలబెట్టి, చేతులకీ కాళ్ళకీ రాసుకుంటున్నంతసేపు లైనులో ఉండమని అడగండి. చదువు ధ్యాసలో కూర్చుని అర్ధరాత్రి దాకా మందు సంగతే మరిచిపోయే ప్రమాదం ఉంది కనక, రాసుకున్న వెంటనే అద్దం మీద మార్కరుతో రెండు టైములు రాయండి: రాసిన గంట, కడగవలసిన గంట.

నాలుగు వారాలు నిండాక ఒక రాత్రి టార్చి లైటు పట్టుకుని వేళ్ళ సందులు, మణికట్లు, మొలతాడు కింద మళ్ళీ చూడండి. పాత మచ్చలు నల్లగా ఉంటాయి, వాటికి భయపడక్కర్లేదు. కొత్త పొక్కు, కొత్త గీత కనబడితే మాత్రం డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళి, ఇంట్లో ఎవరు తప్పిపోయారో లెక్క చూసుకోవాలి. మాకు 28వ రోజున ఏమీ కనబడలేదు. మా వాడు మాత్రం టార్చి నా చేతిలోంచి లాక్కుని వాళ్ళ నాన్న వేళ్ళ సందులు ఒక్కొక్కటీ విడదీసి చూసి, "మంగళగిరి క్లియర్" అని చెప్పి, నల్ల కవరు విప్పి ఏనుగుని తెచ్చుకోవడానికి పరిగెత్తాడు. దాన్ని మూడు వారాల క్రితమే తీయాలి, అందరం మరిచిపోయాం.